ట్యూనిక్ లిపి చదవాలంటే రెండు రంగుల పెన్నులు

2022లో వచ్చిన ట్యూనిక్ వీడియో గేమ్‌లో కనిపించే పాతకాలపు లిపిని చూసి టెన్షన్ పడక్కర్లేదు. అది వేరే భాషేం కాదు, ఇంగ్లీషే. కాకపోతే స్పెల్లింగ్‌ను బట్టి కాకుండా పలికే శబ్దాన్ని బట్టి రాశారు. ఒక్కో గుర్తునూ కాగితం మీద రెండు రంగుల్లో గీయండి: లోపలి గీతలు హల్లు, అంచు గీతలు అచ్చు. దాదాపు మన గుణింతమే! కింద చిన్న సున్నా కనిపిస్తే వరస తిరగబడుతుంది, అచ్చును ముందు పలకాలి. ఇది వదిలేస్తే సగం మాటలు అర్థం కావు. ముందుగా, ఒకే గుర్తుతో మాటిమాటికీ వచ్చే ఇంగ్లీషు మాట ‘ద’ (the)ను పట్టుకోండి. గేమ్‌లో దొరికే మాన్యువల్ పేజీల్లో అక్కడక్కడా మామూలు ఇంగ్లీషు మాటలుంటాయి, ఊహించడానికి అవే ఆసరా. గేమ్ పూర్తి చేయడానికి మాత్రం ఇదంతా తప్పనిసరి కాదు.