ఎలుకలకు మత్తుమందు ఇచ్చారన్న వార్తను ఎలా చదవాలి?

"గంజాయితో కలుపుగోలుతనం పెరుగుతుందట, ఎలుకల మీద తేలింది" అని ఫ్యామిలీ గ్రూపులో ఎవరో ఒకరు పెడతారు. నెల తిరక్కుండానే "గంజాయితో ఎలుకలు ముడుచుకుపోయాయి" అని ఇంకొకరు పెడతారు. రెండూ నిజమే కావచ్చు. అందుకే ఆ వార్తలో కొన్ని విషయాలు వెతికి చూసుకోవాలి.

1. ఏం లెక్కపెట్టారో చూడండి

స్నేహం ఇష్టమా అని ఎలుకను అడగలేం కదా. నాలుగైదు వారాల వయసు ఎలుకపిల్లల్ని కొన్ని గంటలు విడివిడిగా ఉంచి, తర్వాత రెండింటిని ఒక పెట్టెలో పావుగంట వదులుతారు. ఒకటి దూకి రెండోదాని మెడ వెనక ముట్టె పెడుతుంది. అది వెల్లకిలా తిరుగుతుంది, మొదటిది దాని మీదికెక్కుతుంది. అచ్చం మన పిల్లల కుస్తీ. ఎన్నిసార్లు దూకింది, ఎన్నిసార్లు వెల్లకిలా పడింది అని వీడియో చూస్తూ లెక్క రాసుకుంటారు. వార్తలో "స్నేహం" అని కనబడేది చాలాసార్లు ఈ అంకే.

ఇంకోచోట ఏడుపును లెక్కపెడతారు. 1978లో అమెరికాలోని ఒహైయో రాష్ట్రంలో యాక్ పాంక్‌సెప్ బృందం, విడిగా ఉంచిన కుక్కపిల్లలకు నొప్పి తగ్గించే మందైన మార్ఫిన్ కొద్దిగా ఇచ్చి చూసింది. అరుపులు తగ్గాయి. తోటివాళ్ల దగ్గర దొరికే ఊరటకూ, మెదడులో ఊరే మార్ఫిన్‌లాంటి పదార్థాలకూ, అంటే ఓపియాయిడ్లకూ సంబంధం ఉందన్న ఆలోచన ఇలాంటి ప్రయోగాలతోనే బలపడింది. అయితే ఏడుపు తగ్గితే స్నేహం పెరిగినట్టేనా? నన్నడిగితే కాదు. తోడు కోసం వెతుక్కోవాల్సిన పని తగ్గిందేమో.

2. డోసు చూడండి

ఎలుకపిల్లకు కిలో బరువుకు 1 మిల్లీగ్రాము లెక్కన మార్ఫిన్ ఇస్తే ఆట పెరిగింది. బాగా ఎక్కువిస్తే ఆట కాదు, అసలు కదలికే తగ్గిపోతుంది. మార్ఫిన్ పనిని అడ్డుకునే నాలాక్సోన్ ఇస్తే మామూలు ఆట కూడా తగ్గుతుంది. అంటే, ఏ మందూ ఇవ్వని ఎలుక కుస్తీలోనూ దాని ఒంట్లో ఊరే ఓపియాయిడ్ల పాత్ర ఉందన్నమాట.

3. గంజాయి తరహా మందైతే, అది బయటిదా లోపలిదా అని అడగండి

గ్రూపులో తగవులన్నీ ఇక్కడే మొదలవుతాయి. మన మెదడులోనే పుట్టే గంజాయిలాంటి పదార్థం ఒకటుంది. 1992లో ఇజ్రాయెల్‌లో రాఫేల్ మెషూలమ్ బృందం దాన్ని పట్టుకుని, మన "ఆనందం" మాట నుంచే ఆనందమైడ్ అని పేరు పెట్టింది. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో వివియానా ట్రెజ్జా, లూక్ వాండర్‌ష్యూరెన్ రెండు రకాల మందుల్ని పోల్చి చూశారు. ఆనందమైడ్ విరిగిపోకుండా ఆపే యూఆర్‌బీ597 ఇస్తే ఆట పెరిగింది. ఆనందమైడ్, గంజాయి రెండూ తట్టే మెదడు కణాల మీది సీబీ1 గ్రాహకాల్ని బయటి నుంచి వచ్చి నేరుగా తట్టే విన్ 55,212-2 ఇస్తే ఆట తగ్గింది. గ్రాహకాలు రెండింట్లోనూ అవే!

వ్యవసాయం తెలిసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మొదటి మందు ఆనందమైడ్ ఊరుతున్న చోటే పనిచేస్తుంది, అంటే ఇప్పటికే నీళ్లు పారుతున్న మడి గట్టు తెగకుండా కాపాడుతుంది. రెండోది మెదడంతటా గ్రాహకాల్ని తడుతుంది, అంటే చెరువుకు గండి కొట్టి పొలాలన్నీ ముంచేస్తుంది. కాబట్టి "ఆనందమైడ్ పెంచితే ఆట పెరిగింది" అన్న ఫలితాన్ని "గంజాయి తాగితే కలుపుగోలుగా ఉంటారు" అని మార్చి రాస్తే, అది వార్త రాసినవాళ్ల తప్పు.

4. పంజరంలో ఇంకేముందో చూడండి

2018లో అమెరికాలో మార్కో వెనీరో, యావిన్ షహామ్ బృందం మెథాంఫెటమిన్, హెరాయిన్ అనే మత్తుమందులు మరిగిన ఎలుకల ముందు రెండు మీటలు పెట్టింది. ఒకటి నొక్కితే మందు, రెండోది నొక్కితే పక్క ఎలుక ఉన్న వైపు తలుపు తెరుచుకుంటుంది. చాలామటుకు అవి తలుపు మీటే నొక్కాయి. ఒంటరి పంజరంలో మందు మీట ఒక్కటే పెట్టి "ఎలుక మందునే ఎంచుకుంది" అని రాస్తే, రెండో మీట ఏదని అడగండి.