బోరులో తెగిపడ్డ కేబుల్ తీసే ముందు చూసుకోవాల్సినవి

కనిగిరి, పామూరు వైపు బోర్లు బాగా లోతు. మోటారు పైకి లాగేటప్పుడు తాడూ కేబులూ తెగి లోపల పడితే కంగారుగా కొక్కెం వేయకండి. ముందు కెమెరా దించాలి, దానికీ ముందు ఇవి చూసుకోవాలి.

• స్టార్టర్ ఆపితే చాలదు. ఫ్యూజులు పీకి జేబులో వేసుకోండి. ఆటో స్టార్టరైతే కరెంటు రాగానే దానంతటదే ఆన్ అవుతుంది.

• ఎన్ని పైపులు దించారు, ఎన్ని పైకొచ్చాయి? కాగితం మీద రాయండి.

• నీళ్లు తేరుకోనివ్వండి. కలకనీళ్లలో తెరమీద తెల్లటి మసక తప్ప ఏమీ కనపడదు. చమురు బావుల్లోనూ కెమెరాకు ముందు తేట ద్రవం పంపిస్తారు. ఒక రాత్రి ఆగితే పోయేదేం లేదు.

• అసలు జాగ్రత్త ఇది. తెగిన కేబుల్ నిటారుగా నిలబడదు, గోడకు ఆనుకుని చుట్టలు పడి ఉంటుంది. దాని పై కొస ఎన్ని అడుగుల్లో ఉందో కెమెరా తీగ గుర్తుల్నిబట్టి రాసుకోండి. కెమెరాను చుట్టల్లోకి దించొద్దు. కొక్కెం ఆ కొస దాటి లోతుకు పోతే కేబుల్ దాని నెత్తిన ఉండకట్టి రెండూ బిగుసుకుంటాయి. అందుకే కొక్కేనికి పైన, బోరు కన్నా కాస్త చిన్నదైన గుండ్రటి రేకు బిగించాలి. మా చేలో ఆ రేకు లేకుండానే దించాం. కొక్కెం ఇరుక్కుంది, బోరే వదిలేసుకున్నాం.

• టీకి వెళ్లినా సరే, బోరు మూతికి ఇనుప మూత బిగించి వెళ్లండి. గోనెసంచి కప్పితే అది మూత కాదు. చేలో పిల్లలు తిరుగుతుంటారు.