టోర్నమెంట్‌కు పది రోజుల ముందు కోచ్ వెళ్లిపోతే

2018 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కు రెండు రోజుల ముందు, జూన్ 12న, స్పెయిన్ కోచ్ జులెన్ లోపెటెగీని తమ కొత్త కోచ్‌గా రియల్ మాడ్రిడ్ ప్రకటించింది. ప్రకటన బయటికి రావడానికి ఐదు నిమిషాల ముందు మాత్రమే సంగతి స్పెయిన్ ఫెడరేషన్‌కు తెలిసింది. మర్నాడే ఆయన్ని పంపేసి, స్పోర్టింగ్ డైరెక్టర్‌గా ఉన్న ఫెర్నాండో హియెరోను కూర్చోబెట్టారు. అప్పటిదాకా లోపెటెగీ కింద 20 మ్యాచ్‌లు ఓడని జట్టు, ప్రీక్వార్టర్స్‌లో రష్యా చేతిలో పెనాల్టీల్లో ఓడి ఇంటికొచ్చింది.

తిరుపతి, చిత్తూరు జిల్లా జట్లలో, కాలేజీ, యూనివర్సిటీ జట్లలో ఇంత హడావిడి ఉండదు గానీ తంతు ఇదే. పీడీ సారుకు బదిలీ ఆర్డర్ వస్తుంది, లేకపోతే సెలక్షన్ లిస్టు దగ్గర అసోసియేషన్‌లో రెండు వర్గాలవుతాయి, లేదా కెప్టెన్‌కూ కోచ్‌కూ మాటలు ఆగిపోతాయి. అంతర్ జిల్లా పోటీకో సౌత్ జోన్ యూనివర్సిటీ పోటీకో పది రోజులుంటుంది. జట్టు మేనేజర్‌గా మీరు ఏం చేయాలో, ఏం ముట్టుకోకూడదో ఇక్కడ చెబుతున్నాం.

ముందు ఫైలు, తర్వాత ఫుట్‌బాల్

కోచ్ వెళ్లిన రోజే అడగాల్సింది ఆయన బ్యాగులోని ఫైలు. ఆటగాళ్ల పుట్టినతేదీ పత్రాలు, స్టడీ సర్టిఫికెట్లు, ఆధార్ జిరాక్సులు, ఫొటోలు, ఏఐఎఫ్ఎఫ్ (అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య) రిజిస్ట్రేషన్ నంబర్లు చాలా జట్లలో ఒకే మనిషి దగ్గర, ఒకే ప్లాస్టిక్ ఫోల్డర్‌లో ఉంటాయి. మనస్పర్థలతో వెళ్లిన మనిషి వారం తర్వాత ఫోన్ ఎత్తకపోవచ్చు. అందుకని ఆ రోజే, గొడవ ఎవరిది తప్పు అన్న చర్చలోకి దిగకుండా, ఇద్దరు సాక్షులుండగా మర్యాదగా తీసుకోండి. ఒక్కొక్క ఆటగాడి పేరు రాసి, ఏ కాగితం ఉంది, ఏది లేదు అని టిక్ పెట్టుకోండి. ఎంట్రీ ఫారంలో కోచ్ పేరు వెళ్లిపోయి ఉంటే నిర్వాహకులకు మార్పు లేఖ అదే రోజు పంపాలి. లేఖ లేకుండా కొత్త మనిషి బెంచి మీద కూర్చుంటే మ్యాచ్ కమిషనర్ లేపేస్తాడు. అప్పుడు ఎంత బతిమాలినా లాభం లేదు.

రైలు టికెట్లు ఎవరి లాగిన్‌లో బుక్ చేశారో చూడండి. కోచ్ సొంత ఐఆర్‌సీటీసీ ఖాతాలో ఉంటే రద్దు చేసే మీట కూడా ఆయన చేతిలోనే ఉన్నట్టు. పీఎన్ఆర్ నంబర్లు, ప్రింటు తీసుకుని పెట్టుకోండి. జట్టులో ఒకరిద్దరు ఆటగాళ్లు మారితే, విద్యాసంస్థ అధిపతి ప్రయాణానికి 48 గంటల ముందు రాతపూర్వకంగా కోరితే ఒక విద్యార్థి టికెట్‌ను అదే సంస్థలోని మరో విద్యార్థి పేరుకు మార్చే నిబంధన రైల్వేలో ఉంది. కోచ్ బెర్తు ఆ లెక్కలోకి రాదు, కొత్తాయనకు వేరే టికెట్ కొనుక్కోవాల్సిందే. తిరుపతి నుంచి బయల్దేరే బళ్లలో చివరి నిమిషంలో బెర్తు దొరకడం ఎంత కష్టమో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఎవరిని కూర్చోబెట్టాలి

పది రోజులే ఉంటే గదిలో ఇప్పటికే ఉన్న మనిషినే పెట్టండి. అసిస్టెంట్ కోచ్, గోల్‌కీపర్లను చూసే అన్న, రిటైరైన సీనియర్ ఆటగాడు, ఎవరైనా సరే, పిల్లల పేర్లు, పాత గాయాలు, ఎవరికి ఎవరితో పడదో తెలిసి ఉండాలి. 2024 జనవరిలో ఆఫ్రికా కప్‌ను సొంతగడ్డ మీద ఆడుతున్న ఐవరీ కోస్ట్, ఈక్వటోరియల్ గినీ చేతిలో 0-4తో చిత్తయి, టోర్నమెంట్ మధ్యలోనే కోచ్ గాసెను వదులుకుంది. అసిస్టెంట్ ఎమెర్స్ ఫాయేకు పగ్గాలిచ్చింది. గ్రూపుల్లో మూడో స్థానంలో నిలిచిన జట్ల కోటాలో ఎలాగో గట్టెక్కి, చివరికి ఫైనల్‌లో నైజీరియాను 2-1తో ఓడించి కప్పు కొట్టింది.

బయటి నుంచి పెద్ద పేరున్న కోచ్‌ను తేవాలంటే కనీసం రెండున్నర మూడు నెలలుండాలి. మొరాకో 2022 ఆగస్టు చివర్లో వాలిద్ రెగ్రాగీని తెచ్చుకుంది. ప్రపంచకప్ నవంబరు 20న మొదలైంది. పాత కోచ్‌తో పడక జాతీయ జట్టుకే స్వస్తి చెప్పిన హకీం జియెష్‌ను ఆయన వెనక్కి రప్పించగలిగాడు, జట్టు సెమీఫైనల్‌కు వెళ్లింది. ఆ వ్యవధి లేనప్పుడు జియెష్ లాంటివాడితో మంతనాలు మొదలుపెడితే, పద్దెనిమిది మంది జట్టులో మిగతా పదిహేడు మంది కళ్లు వాడి మీదే ఉంటాయి.

ఇంకొక మాట. కొత్తగా వచ్చిన మనిషి అసోసియేషన్‌లో ఒక వర్గానికి బంధువో శిష్యుడో అయితే, ఆయన ఎంత మంచి కోచ్ అయినా పెట్టకండి. మొదటి పదకొండు మంది లిస్టు చదివిన మరుక్షణం మైదానం రెండు ముక్కలవుతుంది.

జట్టుకు చెప్పడం

చెప్పేది ఒకరే, చెప్పేది ఒకసారే, అందరూ ఉన్నప్పుడే. ఐదు నిమిషాలు దాటకూడదు. మాట ఇలా ఉంటే చాలు: "సార్ వెళ్లిపోయారు. కారణం సార్‌కూ అసోసియేషన్‌కూ మధ్య ఉన్న విషయం. టోర్నమెంట్ అయ్యేదాకా మన అన్న చూసుకుంటాడు. టీమ్ ఇదే, ఆట ఇదే. డౌట్లుంటే ఇప్పుడే అడగండి." పాత కోచ్‌ను తిట్టొద్దు, పొగడొద్దు. ఆయన ఎంపిక చేసిన పిల్లలు ఎదురుగానే కూర్చుని ఉంటారని గుర్తుంచుకోండి.

ఒక ఆటగాడితో మీకు పేచీ ఉంటే అందరి ముందు తేల్చుకోవద్దు. 2002లో ఐర్లాండ్ జట్టు సైపాన్ దీవిలో క్యాంపు పెట్టింది. ప్రాక్టీస్ మైదానం గట్టిగా ఉందని, సామాను టైముకు రాలేదని కెప్టెన్ రాయ్ కీన్ మండిపడి పత్రికకు ఇంటర్వ్యూ ఇచ్చాడు. కోచ్ మిక్ మెకార్తీ ఆ ఇంటర్వ్యూను జట్టు మీటింగ్‌లో బయటికి తీశాడు. గొడవ ముదిరి కీన్ ప్రపంచకప్ ఆడకుండానే ఇంటిదారి పట్టాడు. కీన్ ఫిర్యాదులో పస ఉంది, మెకార్తీ కోపంలోనూ అర్థముంది, చెడింది వేదిక దగ్గర. ఇరవై మంది చూస్తుండగా ఎవరూ వెనక్కి తగ్గరు. అదే మాట కోచ్, కెప్టెన్, మేనేజర్ ముగ్గురే ఉన్న గదిలో అయితే సగం సేపట్లో తేలిపోతుంది.

గదిలో మాట బయటికి పోకుండా చూడటం ఇంకో పని. 2010లో ఫ్రాన్స్ డ్రెస్సింగ్ రూంలో హాఫ్‌టైమ్‌కు నికొలాస్ అనెల్కా కోచ్ డొమెనెక్ మీద నోరు పారేసుకున్నాడు. రెండు రోజులకు అది పత్రిక మొదటి పేజీకెక్కింది. అనెల్కాను ఇంటికి పంపారు. దానికి నిరసనగా ఆటగాళ్లు ప్రాక్టీస్ మానేసి బస్సెక్కి కూర్చుంటే, వాళ్లు రాసిన లేఖను కోచే చదివి వినిపించాల్సి వచ్చింది. ఒకే ఒక్క పాయింటుతో గ్రూపులో ఆఖరున నిలిచారు. మన దగ్గర పత్రిక పని వాట్సాప్ చేస్తుంది. జట్టు గ్రూపులో తల్లిదండ్రులు, సెలక్షన్ రాని పిల్లలు, పాత కోచ్ అందరూ ఉంటారు. దాన్ని మూయొద్దు, అనవసరపు అనుమానాలొస్తాయి. టైమింగ్స్, బట్టల రంగు, బస్సు వివరాల కోసం ఆడే పద్దెనిమిది మందితో వేరే గ్రూపు పెట్టి, అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా సెట్ చేయండి.

బత్తా సంగతి

నాయకత్వం మీద కోపం అనుకునేదాంట్లో సగం నిజానికి డబ్బు మీద కోపం. 2014 ప్రపంచకప్‌లో ఘనా ఆటగాళ్లు బోనస్ కోసం పట్టుబడితే, ప్రభుత్వం 30 లక్షల డాలర్లకు పైగా నగదును విమానంలో బ్రెజిల్ పంపాల్సి వచ్చింది. అయినా చివరి గ్రూపు మ్యాచ్ రోజున ఇద్దరు ఆటగాళ్లను క్రమశిక్షణ పేరుతో ఇంటికి పంపారు. జట్టు మొదటి రౌండ్ దాటలేదు. రోజు బత్తా ఎంత, షూ డబ్బులు ఎవరివి, ప్రైజ్ మనీ వస్తే ఎలా పంచుతారు అన్నది బయల్దేరే ముందే కాగితం మీద రాసి కెప్టెన్ సంతకం తీసుకోండి. బత్తా చేతికివ్వడం రోజువారీ అయితే మేలు. మొత్తం చివర్లో ఇస్తామంటే, రెండో రోజుకే గుసగుసలు మొదలవుతాయి.

పది రోజుల ప్రాక్టీస్

కొత్త కోచ్ చేసే పెద్ద తప్పు, తనేంటో చూపించాలని మొదటి రోజే పిల్లల్ని పరుగులు పెట్టించడం. పిల్లలూ కొత్త సారు కళ్లలో పడాలని ఒళ్లు దాచుకోకుండా పరిగెత్తుతారు. రెండూ కలిసి నాలుగో రోజుకు తొడ వెనక కండరం పట్టేసినవాళ్లు ఇద్దరు ముగ్గురు తేలతారు. వాళ్లు టోర్నమెంట్‌లోపు కోలుకోరు.

మొదటి సెషన్ గంటకు మించొద్దు. నలుగురు బయట, ఇద్దరు లోపల పెట్టి పాస్‌లు, తర్వాత సగం మైదానంలో ఎనిమిది మందికి ఎనిమిది మంది ఆట. విజిల్ ఊదకుండా ఆటను గమనించడమే ఆ రోజు కోచ్ పని. ఎవరు ఎవరికి బంతి ఇస్తున్నారు, బంతి పోగానే ఎవరు నిలబడిపోతున్నారు, గొంతెత్తి పిలిచేది ఎవరు, ఈ మూడూ నోట్‌బుక్‌లో రాసుకుంటే చాలు. ఫార్మేషన్ (డిఫెన్స్‌లో, మధ్యలో, ముందు ఎంతమంది నిలబడాలన్న అమరిక) మార్చొద్దు. పాత కోచ్ 4-4-2 ఆడించి ఉంటే, మీకు 4-3-3 ఎంత ఇష్టమైనా 4-4-2నే ఆడించండి. అలవాటైన చోట ఆటగాడు ఆలోచించకుండా కదులుతాడు. కొత్త చోట ఒక్క క్షణం ఆగుతాడు, గోల్ పడేది ఆ క్షణంలోనే.

పది రోజుల్లో నిజంగా బాగుచేయగలిగింది సెట్ పీసులనే, అంటే ఆట ఆగాక మళ్లీ మొదలుపెట్టే కార్నర్, ఫ్రీకిక్, త్రో లాంటివాటినే. 2018 ప్రపంచకప్‌లో 169 గోల్స్ పడితే, పెనాల్టీలు కలుపుకొని 70కి పైగా వాటి నుంచే వచ్చాయి. 2025 ఆగస్టులో ఖాలిద్ జమీల్ భారత జట్టు కోచ్‌గా వచ్చి, దాదాపు రెండు వారాల క్యాంపుతో సీఏఎఫ్ఏ (మధ్య ఆసియా ఫుట్‌బాల్ సంఘం) నేషన్స్ కప్‌కు వెళ్లాడు. తజికిస్థాన్‌పై 2-1తో గెలిచిన మొదటి మ్యాచ్‌లో మొదటి గోల్, ఉవైస్ విసిరిన లాంగ్ త్రోను అన్వర్ అలీ తలతో కొట్టింది. ఆ టోర్నమెంట్‌లో జట్టు మూడో స్థానం తెచ్చుకుంది. అదే జట్టు అక్టోబరులో సింగపూర్ చేతిలో ఓడి 2027 ఆసియా కప్‌కు దూరమైంది. ఈ వైద్యం ఒక టోర్నమెంట్‌ను గట్టెక్కిస్తుంది, అంతకు మించి ఆశించొద్దు.

లాంగ్ త్రోకు కావాల్సింది ఇది. పెనాల్టీ బాక్స్ దాకా విసరగలవాడు ఒకడు, చేతిలో పొడి టవల్. విసిరేటప్పుడు రెండు పాదాలూ నేల మీదే ఉండాలి, బంతి తల వెనక నుంచి రావాలి. పొడుగ్గా విసరాలన్న ఆత్రంలో వెనక కాలు గాల్లోకి లేస్తుంది, రిఫరీ ఫౌల్ త్రో ఇస్తాడు. దగ్గరి పోస్టు ముందు బాగా ఎగిరేవాడిని, వాడి వెనక ఇద్దరిని, బాక్స్ అంచున తిరిగొచ్చే బంతికి ఒకరిని, సెంటర్ లైన్ దగ్గర ఇద్దరు డిఫెండర్లను నిలబెట్టండి. త్రో నేరుగా అందుకున్నవాడికి ఆఫ్‌సైడ్ ఉండదు కాబట్టి ఒకడు కీపర్‌కు అడ్డంగానే నిలబడొచ్చు, తొయ్యకపోతే చాలు. బంతి ఎత్తుగా వంపు తిరిగి వస్తే కీపర్ తాపీగా పట్టేసుకుంటాడు. తల మీదుగా వదిలి, ఎక్కువ పైకి లేవకుండా తల ఎత్తుకే చేరే చదునైన త్రో కావాలి. దీనికి, రెండు కార్నర్లకు, ఒక ఫ్రీకిక్‌కు రోజూ సెషన్ చివర 20 నిమిషాలు కేటాయించండి. అంతకంటే ఎక్కువ రకాలు నేర్పితే మ్యాచ్‌లో ఏదీ గుర్తుండదు.

ఐదో రోజు ఊళ్లో ఏదో ఒక జట్టుతో 35 నిమిషాల చొప్పున రెండు హాఫ్‌ల ఫ్రెండ్లీ. చివరి మూడు రోజులు సెషన్ నిడివిని సగానికి తగ్గించండి, వేగం మాత్రం తగ్గొద్దు. మన గట్టి నేల మైదానాల్లో బంతి ఎత్తుగా లేస్తుంది. టోర్నమెంట్ అనంతపురం ఆర్‌డీటీ లాంటి పచ్చిక మైదానంలో అయితే బంతి లేవదు, పాస్ అనుకున్నచోటికి రాకముందే ఆగిపోతుంది. ఒక్క సెషనైనా పచ్చిక మీద పెట్టించండి. బూట్ల అడుగున ఉండే స్టడ్స్ కూడా దానికి తగ్గట్టు సర్దుకోవాలి.

కెప్టెన్, పెనాల్టీలు, పాత సారు

కోచ్ మారినప్పుడు కెప్టెన్‌ను కూడా మార్చొద్దు. ఒకవేళ గొడవలో కెప్టెనే భాగమైతే, ఆర్మ్‌బ్యాండ్ తీసుకుని గోల్‌కీపర్‌కో సెంటర్ డిఫెండర్‌కో ఇవ్వండి, కానీ అతన్ని జట్టులోంచి తీయకండి. మాట వాడి ముఖం మీదే, ముందురోజు సాయంత్రమే చెప్పండి.

నాకౌట్ మ్యాచ్ ముందురోజు రాత్రి పెనాల్టీ కొట్టేవాళ్ల వరుస ఏడుగురి దాకా రాసి జేబులో పెట్టుకోండి. ఎక్స్‌ట్రా టైమ్ అయ్యాక గుండ్రంగా నిలబడి "ఎవరు కొడతారు?" అని అడిగితే, తలలు దించుకునేవాళ్లను చూసి కొట్టేవాళ్లకూ భయం పట్టుకుంటుంది. ప్రాక్టీస్ కూడా సెషన్ అయిపోయి కాళ్లు లాగుతున్నప్పుడే, సెంటర్ సర్కిల్ నుంచి నడిచొచ్చి కొట్టించండి.

పాత కోచ్ మ్యాచ్ చూడ్డానికి రావచ్చు. వస్తే కుర్చీ వేయండి, టీ ఇప్పించండి. హాఫ్‌టైమ్‌లో మాత్రం ఆయన గ్యాలరీ నుంచి పిల్లల్ని పిలిచి మాట్లాడకుండా, మేనేజర్ ముందే వెళ్లి ఆయన పక్కన కూర్చోవాలి.