ఐర్లాండ్ పల్లెదారుల్లో స్నేహితులతో ఆరు రాత్రులు: బండి, దారి, బస

మ్యాప్‌లో చూస్తే ఐర్లాండ్ చిన్న దేశం. డబ్లిన్ నుంచి పడమటి తీరంలోని గాల్వేకు మోటార్‌వే మీద 210 కిలోమీటర్లు, రెండున్నర గంటల ప్రయాణం. ఆ ధైర్యంతోనే చాలా బృందాలు వారంలో దేశమంతా చుట్టేద్దామని రోజుకో ఊళ్లో గది బుక్ చేసుకుంటాయి. మోటార్‌వే దిగాక ఆ లెక్క తారుమారవుతుంది. పడమటి వైపు కౌంటీలైన (మన జిల్లాల్లాంటివి) క్లేర్, కెర్రీ పల్లెదారుల్లో గంటకు 50 కి.మీ. సగటు వస్తే గొప్పే. పైగా ఆరుగురున్న బృందం ఫొటోకని ఆగిందంటే పావుగంట పోయినట్టే. కాబట్టి బసలు తగ్గించండి. ఆరు రాత్రులుంటే డబ్లిన్‌లో ఒకటి, క్లేర్‌లో రెండు, కెర్రీలో మూడు. కనెమారా, డొనెగల్ లాంటి మిగతా ప్రాంతాలు ఇంకోసారి చూసుకోవచ్చు.

మే, సెప్టెంబర్ నెలలు అన్నిటికన్నా మంచివి. జూన్‌లో రాత్రి పది దాకా వెలుతురుంటుంది గానీ గదుల ధరలు, జనం రెండూ పెరుగుతాయి. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగున్నరకల్లా పొద్దు కుంకుతుంది. మే, జూన్, ఆగస్టు నెలల్లో మొదటి సోమవారం సెలవు. ఆ వారాంతాల్లో ఊళ్లోవాళ్లే పడమటికి బయల్దేరతారు, గదులు దొరకవు.

కాగితాల సంగతి ముందే

ఐర్లాండ్ షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల కూటమిలో, లేదు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ఐరిష్ వీసా విడిగా తీసుకోవాలి. సముద్రం ఒడ్డున రాతిస్తంభాలుండే జెయింట్స్ కాజ్‌వే చూద్దామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అది ఉత్తర ఐర్లాండ్‌లో, అంటే బ్రిటన్ పరిధిలో ఉంది. సరిహద్దులో గేటూ పోలీసూ కనిపించరు కాబట్టి వెళ్లిపోవచ్చనుకోవద్దు, వీసా నిబంధన అక్కడా ఉంది. భారత్ నుంచి దరఖాస్తు చేసేవాళ్ల వీసా మీద బీఐవీఎస్ (బ్రిటిష్-ఐరిష్ వీసా స్కీమ్) అని ముద్రించి ఉంటే రెండు వైపులా తిరగొచ్చు. ఐర్లాండ్‌లోనే ఉంటున్న మిత్రుల ఐఆర్‌పీ (నివాస అనుమతి) కార్డు మాత్రం అవతల వీసాగా పనికిరాదు.

ఒక పెద్ద వ్యానా, రెండు చిన్న కార్లా

ఆరేడుగురుంటే అందరూ ఒకే బండిలో పాటలు పాడుకుంటూ వెళ్లాలనుకుంటారు. సరదాగానే ఉంటుంది. అయినా రెండు చిన్న కార్లే మేలు. ఏడు సీట్ల కారులో ఏడూ నింపితే వెనక రెండు మూడు చిన్న బ్యాగులకు మించి పట్టవు. తొమ్మిది సీట్ల వ్యాను మామూలు కారు లైసెన్సుతో నడపొచ్చు గానీ, రెండు వైపులా పొదలు ఒరుసుకునే దారిలో దాన్ని వెనక్కి తీయడం అందరివల్లా కాదు. కెర్రీలోని డింగిల్ దగ్గర కానర్ పాస్ కొండదారి లాంటి చోట్లకు పెద్ద వాహనాలను రానివ్వరు కూడా.

ఐర్లాండ్‌లో అద్దె కార్లు ఎక్కువగా మాన్యువల్. ఆటోమేటిక్ కావాలంటే నెలల ముందే బుక్ చేయాలి, ధర కూడా ఎక్కువే. నడిపేవాళ్ల పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలి. డెబిట్ కార్డు చూపిస్తే చాలా కౌంటర్లలో ఒప్పుకోరు, లేదా ఖరీదైన బీమా అంటగడతారు. పాతికేళ్ల లోపు వాళ్లకు అదనపు రుసుము ఉంటుంది, కొన్నిచోట్ల అసలు ఇవ్వరు. ఒక్కో కారుకు ఇద్దరు డ్రైవర్ల పేర్లు రాయించండి. మామూలు బీమాలో టైర్లు, అద్దాలు, కింది భాగం రావు, దెబ్బలు తగిలేదేమో సరిగ్గా వాటికే. అందుకే ఎక్సెస్ (నష్టంలో మీరు పెట్టుకోవాల్సిన వాటా) ఎంతో, బీమా దేనికి వర్తించదో సంతకానికి ముందే చదవండి. బండి తీసుకునేటప్పుడు చుట్టూ వీడియో తీయండి. చక్రాల రిమ్ములు మరిచిపోవద్దు.

ఇక్కడ ఎడమ వైపే నడుపుతారు కాబట్టి మనవాళ్లకు ఇబ్బంది తక్కువ. అమెరికా నుంచి వచ్చిన మిత్రుడికి మాత్రం మొదటి రోజు స్టీరింగ్ ఇవ్వకండి. కుడి సీట్లో కూర్చునేసరికి ఎడమ పక్కన బండి ఎంత దూరం ఉందో అంచనా తప్పుతుంది. ఆ పక్కన మెత్తగా కనిపించే పొద వెనక చాలాచోట్ల రాతిగోడ ఉంటుంది. ఎడమ అద్దమూ, ఎడమ టైర్లూ పోయేది అలాగే.

డబ్లిన్‌లో తిరగడానికి కారు అక్కర్లేదు. రాత్రంతా విమానంలో వచ్చి నేరుగా స్టీరింగ్ పట్టుకోవద్దు. ఊరు విడిచే రోజు పొద్దున విమానాశ్రయానికి వెళ్లి కారు తీసుకోండి. అక్కడి నుంచి పడమటికి వెళ్తుంటే ఎం50 రింగ్‌రోడ్డు మీద టోల్ పడుతుంది. టోల్‌గేటు ఉండదు, కెమెరా నంబర్ ప్లేటు చూసుకుంటుంది. మర్నాడు రాత్రి 8 లోపు ఆన్‌లైన్‌లో గానీ, పేజోన్ (చెల్లింపులు తీసుకునే సంస్థ) గుర్తున్న దుకాణంలో గానీ కట్టాలి. అద్దె కంపెనీయే కడుతుందా, మీరు కట్టాలా అన్నది కౌంటర్ దగ్గరే తేల్చుకోండి. మిగతా మోటార్‌వేల మీద మామూలు టోల్‌గేట్లే.

సన్నదారి మర్యాద

స్థానిక రోడ్ల మీద వేగపరిమితిని 2025 ఫిబ్రవరిలో 80 నుంచి 60 కి.మీ.కి తగ్గించారు. రోడ్డు మధ్య గడ్డి మొలిచిన చోట 60 కూడా ఎక్కువే. ఎదురుగా బండి వస్తే, పక్కకు తప్పుకునే చోటు ఎవరికి దగ్గరగా ఉంటే వాళ్లు వెనక్కి తీయాలి. దారి ఇచ్చినవాళ్లకు స్టీరింగ్ మీంచి ఒక వేలు ఎత్తితే చాలు, అదే పలకరింపు, అదే థాంక్స్. వెనక రెండు మూడు బండ్లు చేరితే పక్కకు ఆగి వదిలేయండి. వాళ్లు పనికి వెళ్తున్నారు, మీరు కొండలు చూస్తున్నారు.

పల్లెల్లో ఇంటి నంబర్లు, వీధి పేర్లు ఉండవు. బస బుక్ చేయగానే ఎయిర్‌కోడ్ అడిగి తీసుకోండి. ప్రతి ఇంటికీ విడిగా ఉండే అక్షరాలు, అంకెలు కలిపి ఏడుండే కోడ్ అది, ఫోన్ మ్యాప్‌లో కొడితే గుమ్మం దాకా తీసుకెళ్తుంది. లోయల్లో సిగ్నల్ పోతుంది కాబట్టి మ్యాప్ ముందే దించుకోండి. ఇంధనం పోయించేటప్పుడు నల్ల పైపు డీజిల్, ఆకుపచ్చది పెట్రోల్. తొందర్లో తారుమారైతే ఆ ఖర్చుకు బీమా రాదు.

క్లేర్: రెండు రాత్రులు

డూలిన్‌లో గానీ లిస్డూన్‌వర్నాలో గానీ దిగండి. సముద్రం అంచున నిటారుగా లేచే కొండలు, క్లిఫ్స్ ఆఫ్ మొహెర్, చూడటానికి టికెట్ కారుకు కాదు, మనిషికి. ఆన్‌లైన్‌లో సమయం ఎంచుకుని ముందే కొంటే చవక. పదకొండు నుంచి నాలుగు దాకా డబ్లిన్ బస్సులు దిగుతాయి. అందుకే పొద్దున్నే గానీ సాయంత్రం గానీ వెళ్లండి. పడమటి ఎండ కొండ ముఖం మీద పడేది సాయంత్రమే. అత్యంత ఎత్తైన చోట 214 మీటర్లు, కింద సముద్రం. గాలి ఉన్నట్టుండి తోస్తుంది, రాతిపలకల అడ్డుగోడ దాటి సెల్ఫీకి వెళ్లేవాళ్లను ఆపడం బృందంలో ఒకరి బాధ్యతగా పెట్టుకోండి. అంచు వెంబడి కాలిబాటలో కొన్ని భాగాలు మూసి ఉండొచ్చు, వెళ్లే ముందు చూసుకోండి.

రెండో రోజు బరెన్ అనే రాతినేల. నేలంతా బూడిదరంగు సున్నపురాయి, దాని మీద కత్తితో గీసినట్టు పగుళ్లు. వంగి చూస్తే ఆ సందుల్లో ఫెర్న్‌లు, మే నెలలో ముదురు నీలం జెన్షియన్ పూలు. తడిస్తే ఆ రాయి జారుతుంది, చీలమండ పగుళ్లో ఇరుక్కుంటుంది. పట్టున్న బూట్లు లేనివాళ్లు బాట దాటకపోవడమే మంచిది. పౌల్నబ్రోన్ దగ్గరి రాతిసమాధి అయిదు వేల ఏళ్లకు పైబడినది, చూడటానికి టికెట్ లేదు.

అక్కడి నుంచి కెర్రీకి లిమరిక్ మీదుగా చుట్టు తిరగొద్దు. కిల్లిమర్‌లో కారుతో సహా ఫెర్రీ ఎక్కితే 20 నిమిషాల్లో షానన్ నది దాటి టార్బర్ట్‌లో దిగుతారు.

కెర్రీ: మూడు రాత్రులు

కిలార్నీలో బస చేస్తే ఒక రోజు రింగ్ ఆఫ్ కెర్రీ అనే చుట్టుదారి, ఒక రోజు డింగిల్. రింగ్ మొత్తం 179 కి.మీ. టూరిస్టు బస్సులు కిలోర్గ్లిన్ వైపు నుంచి అపసవ్యంగా తిరుగుతాయి. ఎదురు దిశలో వెళ్తే మలుపుల్లో బస్సులు ముఖాముఖి తగులుతాయి. అదే దిశలో ఆలస్యంగా బయల్దేరితే రోజంతా వాటి పొగే. ఎనిమిదిలోపు, అదే దిశలో, వాటికన్నా ముందు వెళ్లిపోవడమే మార్గం. కహర్‌సివీన్ దాటాక పోర్ట్‌మాగీ వైపు స్కెలిగ్ రింగ్ అనే చిన్న చుట్టుదారిలోకి తిరగండి. పెద్ద బస్సులు అటు రావు, సముద్రం దగ్గరగా కనిపించేదీ అటే.

పాత క్రైస్తవ మఠం ఉన్న స్కెలిగ్ మైకెల్ ద్వీపంలో దిగాలంటే నెలల ముందే పడవ బుక్ చేయాలి. మే మధ్య నుంచి సెప్టెంబర్ దాకానే, రోజుకు కొద్దిమందికే అనుమతి. పైకి 618 రాతిమెట్లు, పట్టుకోడానికి కమ్మీలు లేవు. అలలు ఎక్కువగా ఉంటే ఆ పొద్దున్నే రద్దు చేస్తారు. అందుకని ట్రిప్పంతా దాని చుట్టూ అల్లుకోవద్దు.

డింగిల్‌లో స్లే హెడ్ దారి 47 కి.మీ. దీన్ని సవ్యదిశలో తిరగాలి. బోర్డుల మీద డింగిల్ బదులు ఐరిష్ భాషలో 'అన్ డాంగన్' అని ఉంటే కంగారు పడొద్దు, ఊరు అదే.

తిండి, పబ్బు, డబ్బు

పబ్బులు అర్ధరాత్రి దాకా తెరిచినా వంటగది తొమ్మిదికల్లా మూసేస్తారు. ఆరుగురికి బల్ల కావాలంటే మధ్యాహ్నమే ఫోన్ చేయండి. శాకాహారులు సూప్ దేని రసంతో చేశారో అడగాలి. వంటిల్లున్న కాటేజీ తీసుకుంటే ఆ బెంగ ఉండదు, కాకపోతే సరుకులు ఎనిస్, కిలార్నీ లాంటి పెద్ద ఊళ్లోనే కొనండి. పబ్బుల్లో సంగీతం తొమ్మిదిన్నర ప్రాంతంలో మొదలవుతుంది. వాయించేవాళ్ల పక్క కుర్చీలు ఖాళీగా కనిపించినా కూర్చోవద్దు, అవి ఇంకా రాబోయే వాద్యకారులవి. మద్యం తాగి నడిపేవాళ్ల మీద పోలీసులు చాలా కఠినంగా ఉంటారు. పల్లెల్లో టాక్సీ దొరకడం కష్టం. పబ్బుకు నడిచివెళ్లే దూరంలో బస చూసుకోవడం అందుకే.

ఇంధనం, టోల్, పార్కింగ్ ఖర్చుకు మొదటి రోజే తలా వంద యూరోలు ఒకరి దగ్గర వేయండి. లేకపోతే ప్రతి బంకు దగ్గరా మొహమాటమే.

తిరుగు ప్రయాణంలో మల్లో, మిచెల్స్‌టౌన్ మీదుగా ఎం8 మోటార్‌వే ఎక్కితే దారిలో రాక్ ఆఫ్ క్యాషెల్ (గుట్ట మీది పాత చర్చి, కోట కట్టడాలు) తగులుతుంది, గంటన్నర ఆగొచ్చు. ఆ రోజే విమానమైతే రాత్రిదై ఉండాలి. విమానాశ్రయానికి ముందే ట్యాంకు నింపి, బండిని మళ్లీ వీడియో తీసి అప్పగించండి. దారిలో ఎం50 టోల్ మళ్లీ పడుతుంది. అది మీరే కట్టాల్సి ఉంటే విమానం ఎక్కేలోపే కట్టేయండి, గడువు దాటితే జరిమానాతో పాటు అద్దె కంపెనీ రుసుము కూడా మీ కార్డు మీదికే వస్తుంది.