ఈ-వే బిల్లుకి ముందు ఒక్కసారి ఎఫ్1 నొక్కండి
భీమవరంలో చెరువుల ఏరేటర్లు అమ్మే షాపులైనా, అంబాజీపేటలో కొబ్బరి పీచు యూనిట్లైనా, చాలాచోట్ల లెక్కలు టాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే. లారీకి లోడు ఎత్తకముందే ఎఫ్1 నొక్కి, ‘అబౌట్’లో లైసెన్స్ యాక్టివ్‌గా ఉందో లేదో, టీఎస్‌ఎస్ (అప్‌డేట్లు, ఆన్‌లైన్ సేవల కోసం టాలీకి కట్టే సబ్‌స్క్రిప్షన్) గడువు ఎప్పటిదాకా ఉందో చూడండి. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు, టెన్షన్ అంతా అక్కడే. లైసెన్స్ ఉండి టీఎస్‌ఎస్ అయిపోతే బిల్లులు కొట్టుకోవచ్చు గానీ, ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకి జీఎస్టీ కింద తీసుకునే ఆన్‌లైన్ పత్రం, నేరుగా టాలీ నుంచి రాదు. ‘ఎడ్యుకేషనల్ మోడ్’ (లైసెన్స్ లేకుండా నేర్చుకోవడానికి నడిచేది) అని కనిపిస్తే మాత్రం ఆగండి. అందులో నెలలో కొన్ని తేదీలకే ఎంట్రీ పడుతుంది. తొందరపడి తేదీ మార్చి బిల్లు వేసేయకండి, దయచేసి. మరీ అర్జెంటైతే ఈ-వే బిల్లు పోర్టల్‌లోకే వెళ్లి తీసుకోవచ్చు.