దూరయాత్రలో చవక బస: బయలుదేరే ముందు చూసుకోవలసినవి

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో కొన్ని వారాలు గడపదలచినవారు వీటిని ముందే సరిచూసుకోవాలి.

– ముందుగా పండుగ తేదీలు చూడండి. విజయదశమి తరువాతి మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, మాఘ శుద్ధ సప్తమినాడు అరసవల్లిలో రథసప్తమి జరుగుతాయి. ఆ రాత్రులకు గది దొరకడమే కష్టం, దొరికినా అద్దె చుక్కలు చూపిస్తుంది కాబట్టి, వాటికి మాత్రం ముందే ఖాయం చేసుకోవాలి.

– శ్రీకాకుళం రోడ్ రైల్వేస్టేషను ఉన్నది శ్రీకాకుళంలో కాదు, ఊరికి దూరంగా ఆమదాలవలసలో. అర్ధరాత్రి దిగితే చవక గదిలో మిగిలిన సొమ్ము ఆటోకే పోతుంది.

– రైల్వే రిటైరింగ్ రూముకు (స్టేషనులోనే ప్రయాణికులకు అద్దెకిచ్చే గది) కన్ఫర్మ్ లేదా ఆర్‌ఏసీ టికెట్ ఉండాలి. వెయిటింగ్ లిస్టు పనికిరాదు.

– అద్దె 24 గంటలకా, మర్నాడు మధ్యాహ్నం 12 వరకా అని అడగండి. రాత్రి పదకొండుకు దిగినవారికి ఇది పూటకు పూట తేడా.

– ఒంటరిగా వచ్చినవారికి గది ఇవ్వని సత్రాలున్నాయి, ఫోనులోనే కనుక్కోండి.

– వారానికో నెలకో మాట్లాడుకుంటే అద్దె తగ్గుతుంది, అయితే తలుపు గడియ వేసి, కుళాయి తిప్పి, కిటికీకి దోమల జాలి ఉందో లేదో చూశాకే అడ్వాన్సు ఇవ్వండి.