పాత పొయ్యిగట్టు, పొగగొట్టం: రిమోడలింగ్ తర్వాత వచ్చే తంటాలు, పరిష్కారాలు

గుంటూరు బ్రాడీపేటలో, అరండల్‌పేటలో, విజయవాడ సత్యనారాయణపురంలో, వన్‌టౌన్‌లో పాత ఇంటిని పడగొట్టకుండా బాగుచేయించుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. అలాంటి ఇళ్లలో హాలు, పడకగదుల పని తొందరగానే అయిపోతుంది. చిక్కంతా వంటగదిలో. కట్టెల పొయ్యి గట్టు, దాని మీద పొగగూడు, డాబా దాటి పైకి పోయే ఇటుకల గొట్టం. గ్యాస్ వచ్చాక వీటిని ఎవరూ పట్టించుకోరు. రిమోడలింగ్‌లో పైపైన టైల్స్, రంగు వేసి సరిపెడతారు. తర్వాత ఒక్కొక్కటే బయటపడతాయి.

సమస్య: రంగు వేసినా పసుపు, గోధుమ మరకలు మళ్లీ వస్తున్నాయి

మరక ఎక్కడిదో ముందు తేల్చుకోండి. ఆ చోట ఒక పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజు వదిలేయండి. గోడ వైపు చెమ్మ పడితే నీరు లోపలి నుంచి వస్తోంది. పొడిగా ఉంటే అది పొగచూరిన గోడలోని తారు. ఏళ్ల తరబడి పట్టిన మసి, తారు పూతలోకి ఇంకి ఉంటాయి. ఎమల్షన్ అంటే నీళ్లతో కలిపే రంగు, దానిలోని తడికి ఆ మరక కరిగి పైకి వస్తుంది. అందుకే ఎన్ని కోట్లు వేసినా లాభం ఉండదు. ఇంకో కోటు వేద్దామనే పెయింటర్ మాట వినకండి.

మసి బాగా పట్టిన చోట పాత పూతను ఇటుక కనిపించేదాకా గీకించి కొత్తగా పూయించాలి. మరక పలచగా ఉంటే వాషింగ్ సోడా నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక మరకను ఆపే షెల్లాక్ ప్రైమర్ కానీ ఆయిల్ ప్రైమర్ కానీ వేసి, ఆపైన ఎమల్షన్ వేయాలి. నీళ్లతో కలిపే మామూలు ప్రైమర్ ఇక్కడ పనిచేయదు. సున్నంతో కట్టిన గోడకు సున్నపు పూతే నప్పుతుంది. సిమెంటు పూస్తే చెమ్మ బయటికి పోలేక లోపలే నిలిచిపోతుంది.

సమస్య: కొత్త చిమ్నీ పొగ లాగట్లేదు, నూనె కారుతోంది

మిరపకాయల పోపు పెడితే ఇంటిల్లిపాదీ తుమ్ముతున్నారంటే చిమ్నీని అనే ముందు దాని పైపు ఎక్కడికి పోతోందో చూడండి. చాలాచోట్ల దాన్ని పాత ఇటుకల గొట్టంలోకి దూర్చేస్తారు. ‘దారి ఎలాగూ ఉంది కదా సార్’ అంటాడు ఫిట్టర్. ఆ గొట్టం కట్టింది కట్టెల మంట వేడికి తనంతట తాను పైకి లేచే పొగ కోసం. ఫ్యాన్ నెట్టే గాలి అంత వెడల్పు గొట్టంలో పడగానే వేగం తగ్గుతుంది, చల్లబడుతుంది. దానిలోని నూనె ఇటుకలకు పట్టేస్తుంది. పైన పావురాలు గూడు కట్టి ఉంటే గాలి వెనక్కే వస్తుంది. పాత మసి మీద కొత్త నూనె చేరితే నిప్పంటుకునే ప్రమాదమూ ఉంది.

ఆరు అంగుళాల పైపును వీలైనన్ని తక్కువ మలుపులతో నేరుగా బయటి గోడలోంచి తీయండి. అది కుదరకపోతే పాత గొట్టాన్ని శుభ్రం చేయించి, దానిలో కింది నుంచి పైదాకా రేకు పైపు దించి, పైన టోపీ పెట్టించండి. చిమ్నీ పొయ్యికి 26 నుంచి 30 అంగుళాల ఎత్తులో ఉండాలి. పొగగూడు అడ్డమై ఇంకా పైకి బిగించారంటే సగం పొగ పక్కకే పోతుంది.

సమస్య: వానొస్తే గొట్టం మొదట్లో కారుతోంది

గొట్టం డాబాను తాకే చోట చీలిక ఉంటుంది. మద్రాసు టెర్రస్ ఇళ్లలో, అంటే కలప దూలాల మీద ఇటుకలు పేర్చి సున్నంతో కప్పు వేసిన ఇళ్లలో, ఇది మరీ ఎక్కువ. కారణం అదే అయితే చీలికను తవ్వి నింపి, చుట్టూ ఏటవాలు పూత వేయించి, దానిపై వాటర్‌ప్రూఫింగ్ చేయించాలి. గొట్టం వాడకపోతే పైన రాతి పలక కప్పించండి. అయితే గాలి ఆడకుండా మొత్తం మూసేయకూడదు. లోపల చెమ్మ చేరి వాసన వస్తుంది. పైన పక్కగా ఒక కన్నం, కింద ఒక కన్నం వదిలి జాలీ బిగించాలి.

సమస్య: గట్టు మీద టైల్స్ ఊడుతున్నాయి

కింద మసి ఉంది, లేదా కాలిన మట్టి గుల్లబారింది. తట్టి చూస్తే డొల్ల శబ్దం వస్తుంది. గట్టి పొర దాకా తీయించి మళ్లీ వేయించడమే.

సమస్య: కట్టెల గూట్లో సిలిండర్ పెట్టాం, గ్యాస్ వాసన వస్తోంది

ముందు రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తీసి, ఏ స్విచ్చునూ వేయడం కానీ ఆపడం కానీ చేయకుండా బయటికొచ్చి గ్యాస్ ఎమర్జెన్సీ నంబరు 1906కు ఫోన్ చేయండి. గ్యాస్ గాలికన్నా బరువు, కిందే పేరుకుంటుంది. తలుపులు బిగించిన పాత గూడు దానికి మంచి తావు. గూటి అడుగున బయటికి కన్నం ఉండాలి, సిలిండర్ గది నేల మట్టం కన్నా దిగువన ఉండకూడదు. రబ్బరు ట్యూబును ఐదేళ్లకోసారి మార్చాలి.

సమస్య: పొగగూడు కొట్టేశాక పై గోడకు బీటలు

గొట్టం మిద్దె మీది గదిలోంచి కూడా పోతుంటే కింది భాగం తీసేయగానే పై ఇటుకల బరువుకు ఆధారం పోతుంది. పని ఆపించి, కింద తాత్కాలికంగా పోట్లు పెట్టించి, స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి. మొత్తం తీసేయాలంటే పై నుంచి కిందికి కొట్టుకుంటూ రావాలి. కొంత ఉంచాలంటే ఇనుప దూలం మీద నిలపాలి. సంక్రాంతికి అరిసెలు కట్టెల పొయ్యి మీదే చేయాలని అత్తగారు పట్టుబడితే పెరట్లో వేరే పొయ్యి పెట్టించండి, వంటగది జోలికి మాత్రం పోనివ్వకండి.